పుండు మీద కారం



సంక్రాంతి దాటిందంటే గుంటూరు గాలికి కూడా కారం పడుతుంది. నరసరావుపేట వైపు నుంచి, చిలకలూరిపేట వైపు నుంచి, ప్రకాశం జిల్లా లోపలి ఊళ్ల నుంచి మిర్చి టిక్కీలు ఎత్తుకున్న ట్రాక్టర్లు, లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. మిర్చి యార్డు గేటు కనబడకముందే ముక్కు చురుక్కుమంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు తుమ్ములే తుమ్ములు. హమాలీలు మాత్రం మూతికి తువ్వాలు బిగించుకుని బస్తాలు మోస్తూనే ఉంటారు. దించుతున్న బస్తాలో ఉన్నది తేజ రకమో, లాం ఫారంలో పుట్టిన 334 రకమో వాళ్లు కొన్నిసార్లు ముక్కుతోనే చెప్పేస్తారు.

ఈ కాసేపూ మీతో ఆ మంట గురించే మాట్లాడతాను. మిరపకాయ ఎందుకు మండుతుంది అన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు దొరికి పాతికేళ్లు దాటింది. అంతకన్నా లోతైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒకసారి మొదలైన మంట ఎందుకు ముదురుతుంది? అదే కారం ఒక రోజు ఊరికే చురుక్కుమని, ఇంకో రోజు ప్రాణం తోడేస్తుందెందుకు? పుండు మీద కారం అంతగా ఎందుకు బాధిస్తుంది?

మిరప కోతకు వెళ్లే ఒక ఆడమనిషిని తలచుకోండి. పర్చూరు వైపు ఊరు కావచ్చు, యర్రగొండపాలెం వైపు ఊరు కావచ్చు. ఆమె మొన్నటిదాకా పత్తి తీతలకు వెళ్లింది. పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయ డొప్పల మొనలు వేళ్లకు గీరుకుంటాయి. గోళ్ల పక్కన చర్మం చీరుకుపోతుంది. ఆ గీతలు మానకముందే మిరప కోతలు మొదలయ్యాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పండుకాయ కోసింది. ఇంటికొచ్చి స్నానానికి కూర్చుంది. కోడలు నీళ్లు తోడింది. మొదటి చెంబు చేతుల మీద పడగానే ఆమె ఉలిక్కిపడింది.

"ఏం అమ్మాయ్, ఇంత కాగిన నీళ్లు తెచ్చావు?"

"గోరువెచ్చగానే ఉన్నాయి అత్తయ్యా. కావాలంటే చూడండి, నా చెయ్యి ముంచుతున్నాగా."

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నీళ్లు ఒక్కటే. చేతులు వేరు. కోడలి చేతికి గోరువెచ్చన, అత్తయ్య చేతికి సలసల కాగిన నీళ్లు. ఈ తేడా ఆమె మనసులో పుట్టింది కాదు. ఆమె వేలికొసల్లోని నరాల్లో, ఒక అణువు మీద, కొలిచి చూపించగలిగిన మార్పు జరిగింది. ఆ మార్పు పేరు వినండి, తర్వాత నెమ్మదిగా విడమరుస్తాను. ప్రొటీన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఒకటి, నొప్పిని పసిగట్టే ప్రొటీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలించింది.  కారానికి ఆ చిన్న తగులు కూడా తోడయ్యేసరికి గోరువెచ్చని నీళ్లు నిప్పులయ్యాయి.

ముందు ఆ నొప్పిని పసిగట్టే ప్రొటీన్ సంగతి చూద్దాం.

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. గింజలో కారం ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో అది తయారవుతుంది, గింజకు అక్కడి నుంచి అంటుతుంది. ఈ క్యాప్సైసిన్ మన నరాన్ని ఎక్కడ పట్టుకుంటుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1997లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్, ఆయన దగ్గర పనిచేస్తున్న మైకెల్ కేటరీనా, వారి తోటివాళ్లు దాన్ని పట్టుకున్నారు. వాళ్లు చేసిన పని ఓపికతో కూడుకున్నది. నొప్పి నరాల్లో పనిచేసే జన్యువులన్నిటినీ పోగుచేశారు. కారం తగిలినా చలించని మామూలు కణాల్లోకి వాటిని గుంపులు గుంపులుగా ఎక్కించారు. ఏ గుంపు ఎక్కిన కణం కారానికి స్పందిస్తుందా అని వెతికారు. వెతగ్గా వెతగ్గా ఒక్క జన్యువు తేలింది. అది తయారుచేసే ప్రొటీన్‌ను ఇప్పుడు టీఆర్‌పీవీ వన్ అంటున్నాం. మనం ఈ ప్రసంగంలో దాన్ని కారం గ్రాహకం అనుకుందాం.

అసలు ఆశ్చర్యం తర్వాత వచ్చింది. ఆ గ్రాహకం కారానికే కాదు, వేడికీ స్పందించింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుంది. మనిషికి వేడి బాధగా మారేది కూడా ఇంచుమించు అక్కడే. కారం తిన్నప్పుడు నోరు కాలినట్టు ఉంటుందని అంటామే, నరానికి సంబంధించినంతవరకు అది అక్షరాలా నిజం. మెదడుకు వెళ్లేది కాలుతోందన్న కబురే. ఈ పరిశోధనకే 2021లో జూలియస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ ఆయనతో పాటు ఆ బహుమతి పంచుకున్నారు.

ఒక్క విషయం ఇక్కడ అనుకోవాలి. రెంటచింతలలో వేసవిలో గాలి వేడి 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. మరి మన ఒళ్లంతా మండిపోదేం? గాలి వేడి వేరు, చర్మం వేడి వేరు. చెమట ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. గ్రాహకం చూసేది తానున్న చోటి వేడిని. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఇప్పుడు ఈ గ్రాహకం ఎలా పనిచేస్తుంది? సాగర్ కుడికాల్వ కింద సేద్యం చేసేవాళ్లకు తూము గురించి నేను చెప్పక్కర్లేదు. కాల్వలో నీళ్లు నిండుగా ఉంటాయి. తూముకు షట్టరు ఉంటుంది. షట్టరు లేస్తే నీళ్లు పొలానికి పారతాయి. నొప్పి నరం కొసన కారం గ్రాహకం అలాంటి తూము. నరం బయట సోడియం, కాల్షియం అయాన్లు కాచుకుని ఉంటాయి. కారమో, వేడో తగిలితే షట్టరు లేస్తుంది. అయాన్లు లోపలికి పారతాయి. అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి, ఆ పారుదలే కరెంటు. ఆ కరెంటు తగినంత పారితే నరం మెదడుకు కబురు పంపుతుంది. నొప్పి అన్నది అక్కడ మొదలవుతుంది.

బిగుసుకుపోయిన షట్టరును ఎత్తాలంటే బలం కావాలి. కాల్వ చూసుకునే లస్కరు వచ్చి, మరకు గ్రీజు పట్టించి, కాస్త సడలించి పోయాడనుకోండి. ఆ తర్వాత అదే షట్టరు చిన్నపిల్లాడు తిప్పినా లేస్తుంది. లస్కరు తూము తెరవలేదు. తెరుచుకోవడాన్ని సులువు చేసిపెట్టాడు. ప్రొటీన్ కైనేజ్ చేసే పని అదే. గ్రాహకం తూము. కైనేజ్ లస్కరు. మళ్లీ చెప్తున్నాను, కైనేజ్ తనంతట తాను నొప్పి పుట్టించదు. చిన్న వేడికి, చిన్న కారానికి కూడా ఆ తూము తెరుచుకునేలా చేస్తుంది.

ఇది ఊహ కాదు, కొలిచి చూసినది. ఆ కొలత ఎలా చేస్తారో చెప్పాలని నాకు ఎంతో ఇష్టం. మన వెన్నెముక పక్కన, రెండు వైపులా, నొప్పి నరాల కణాలు గుంపులుగా ఉంటాయి. ఎలుక నుంచి అలాంటి కణాలను తీసి గాజుపళ్లెంలో బతికిస్తారు. మైక్రోస్కోపు కింద చూస్తూ, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి మొన ఉన్న గాజుగొట్టాన్ని కణం పొరకు ఆనిస్తారు. మెల్లగా గాలి పీలుస్తారు. పొర గాజుకు గట్టిగా అతుక్కుంటుంది. ఇక ఆ కణంలోకి పారే అతిచిన్న కరెంటు కూడా తెర మీద గీతగా కనబడుతుంది. ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని కనిపెట్టారు. 1991లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ఆ కణం మీద క్యాప్సైసిన్ కొద్దిగా వదులుతారు. తెర మీద గీత ఒక్కసారిగా కిందికి జారుతుంది. లోపలికి పారే కరెంటును కిందికి గీయడం వాళ్ల ఆనవాయితీ. కడిగేస్తే గీత మళ్లీ పైకి వస్తుంది. కాసేపాగి మళ్లీ అంతే క్యాప్సైసిన్ వదులుతారు. ఈసారి గీత అంత లోతుకు పోదు. మూడోసారి ఇంకా తక్కువ. గ్రాహకం అలిసిపోతోంది. అప్పుడు కైనేజ్‌ను మేల్కొలిపే మందు చుక్క వేసి, మళ్లీ అదే క్యాప్సైసిన్ వదులుతారు. గీత దభాలున కిందికి పడుతుంది. కారం అంతే. కణం అదే. కరెంటు మాత్రం ఎన్నో రెట్లు. ఆ అత్తయ్య చేతిలో జరిగింది గాజుపళ్లెంలో, మన కళ్ల ముందు జరిగిందన్నమాట.

మరి శరీరంలో కైనేజ్‌ను మేల్కొలిపేది ఎవరు? గాయం. దెబ్బ తగిలినా, కాలినా, చీరుకున్నా, క్రిములు చేరినా ఆ చోట వాపు మొదలవుతుంది. వాచిన చోట కొన్ని రసాయనాలు ఊరతాయి. బ్రాడికైనిన్ వాటిలో ఒకటి. ప్రొస్టాగ్లాండిన్ ఇంకొకటి. ఇవి నరం తలుపు తడతాయి. లోపల కైనేజ్‌లు లేస్తాయి. బ్రాడికైనిన్ లేపేది ముఖ్యంగా కైనేజ్ సి అనేదాన్ని. ప్రొస్టాగ్లాండిన్ లేపేది కైనేజ్ ఏ అనేదాన్ని. పేర్లు గుర్తులేకపోయినా ఫర్వాలేదు. ఇద్దరు లస్కర్లు, ఒకటే తూము.

బ్రిటన్‌లో పీటర్ మెక్‌నాటన్ బృందం 1990ల చివరి సంవత్సరాల్లో ఎలుక నరాల కణాల మీద బ్రాడికైనిన్ వేసి వేడి తగిలించి చూసింది. వేడికి పారే కరెంటు పెరిగింది. ఆ పని చేయిస్తున్నది కైనేజ్ సి కుటుంబంలో ఎప్సిలాన్ అనే సభ్యుడని తేల్చింది. 2002లో జపాన్‌లో మకోటో టొమినాగా బృందం ఇంకా దగ్గరికి వెళ్లింది. ఎలుక కారం గ్రాహకంలో 838 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. వాటిలో 502వ చోట, 800వ చోట ఉన్న సెరీన్‌లకే కైనేజ్ సి ఫాస్ఫేట్ తగిలిస్తోందని చూపించింది. ఆ రెండు చోట్లా సెరీన్ తీసేసి వేరే ఆమ్లం పెడితే, కైనేజ్ ఎంత లేచినా కరెంటు పెరగలేదు. 838లో రెండు. మంట ముదరడమనే ఇంత పెద్ద అనుభవం ఆ రెండు చోట్ల ఆధారపడి ఉందంటే, ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఫాస్ఫేట్ తగిలించడం, తీసేయడం అనే ఈ పద్ధతి నొప్పికే పరిమితం కాదు. మన శరీరంలో ఐదొందలకు పైగా కైనేజ్‌లున్నాయి. కండరం కదలడానికి, కణం పెరగడానికి, చక్కెర కరగడానికి అన్నిటికీ ఇదే పద్ధతి. 1950ల మధ్యలో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ దీన్ని మొదట గుర్తించారు. 1992లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

సరే, లస్కరు తగిలించే ఆ ఫాస్ఫేట్ ఎక్కడిది? ఇక్కడ మన తెలుగువాడి కథలోకి వెళ్లాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. 1923లో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేసి పొట్టపోసుకుంటూ, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరారు. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని దాన్ని జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. ఆ కొలత చేతికొచ్చాక, కండరంలో అంతకుముందు ఎవరూ చూడనివి వాళ్లకు కనిపించాయి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేశారు. పొట్టిగా ఏటీపీ అంటాం. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. మన ప్రతి కణమూ శక్తి కోసం ఖర్చుపెట్టేది ఏటీపీనే. అందులో మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. కైనేజ్ చివరి ఫాస్ఫేట్‌ను తుంచి గ్రాహకానికి తగిలిస్తుంది.

భీమవరం కుర్రవాడు దూరదేశంలో కండరం నూరి వేరుచేసిన ఆ పదార్థమే, మన కోత కూలీ వేలికొసలో మంటను ముదిరిస్తున్నది. ఆయనకు నోబెల్ రాలేదు. బోదకాలు వ్యాధికి మందు, ఫోలిక్ ఆమ్లం తయారీ ఆయన బృందం నుంచి వచ్చాయి. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఏటీపీ కథ అక్కడితో అయిపోలేదు. ఏటీపీ మామూలుగా కణం లోపలే ఉంటుంది. కణం చితికితే బయటికి ఒలుకుతుంది. పత్తి డొప్ప గీరుకుని చర్మం చీరినప్పుడు చితికిన కణాల నుంచి ఏటీపీ చుట్టుపక్కలకు కారుతుంది. ఇందాక చెప్పిన టొమినాగా, 2001లో తన తోటివాళ్లతో కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. కారం గ్రాహకం ఉన్న కణాల మీద బయటి నుంచి ఏటీపీ వేశారు. వేడి పెంచుతూ పోయారు. ఏటీపీ లేనప్పుడు గ్రాహకం 42 డిగ్రీల దగ్గర తెరుచుకుంది. ఏటీపీ తగిలాక 35 డిగ్రీలకే తెరుచుకుంది.

మళ్లీ చెప్తాను. 42 నుంచి 35కు దిగింది. మన ఒంటి వేడి 37. అంటే ఏటీపీ ఒలికిన చోట, ఏ నిప్పూ తగలకుండానే, సొంత ఒంటి వేడికే ఆ తూము తెరుచుకోగలదు. ఎవరూ ముట్టుకోని పుండు రాత్రంతా ఎందుకు సలుపుతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి. ఈ మార్పు చేయించేది కూడా కైనేజ్ సీయే. బయట ఒలికిన ఏటీపీ కబురు తెస్తుంది. ఆ కబురు అందుకున్న కైనేజ్ లోపలి ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి గ్రాహకానికి తగిలిస్తుంది. కబురూ అదే, సరుకూ అదే.

ఇప్పుడు మన అత్తయ్య చేతుల దగ్గరికి ఒక్కసారి వెళ్దాం. ఆమె వేళ్లకు రెండు జరిగాయి. చర్మంలో ఇంకిన క్యాప్సైసిన్ తూమును సగం ఎత్తిపెట్టింది. కారం ఉన్న చోట తక్కువ వేడికే గ్రాహకం తెరుచుకుంటుంది, అది ఒకటి. పత్తి గీతలు, కారం తెచ్చిన వాపు కలిసి కైనేజ్‌లను లేపాయి, అది రెండు. పైన గోరువెచ్చని నీళ్లు పడ్డాయి. కోడలి నరాలు పట్టించుకోని వేడికి అత్తయ్య నరాలు కేకపెట్టాయి. పత్తి తీత అయిపోయి మిరప కోత మొదలయ్యే ఆ రోజుల్లో మన పల్లెల్లో వేలమంది ఆడవాళ్ల చేతులు ఇలాగే ఉంటాయి.

ఇంత విన్నాక మీకు ఒక సందేహం రావాలి. మరి హమాలీకి అలవాటెలా అయ్యింది? ఏళ్ల తరబడి కారం తినేవాళ్లు కొత్తవాళ్లంత బాధపడరేం?

దానికీ జవాబు ఫాస్ఫేట్‌లోనే ఉంది. తగిలించేవాడు ఉన్నట్టే తీసేసేవాడూ ఉన్నాడు. తూము తెరుచుకుని కాల్షియం లోపలికి పారిందనుకోండి. ఆ కాల్షియమే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను లేపుతుంది. అది గ్రాహకం మీది ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. షట్టరు మళ్లీ బిగుసుకుంటుంది. గాజుపళ్లెంలో రెండోసారి, మూడోసారి గీత చిన్నదవడానికి కారణం చాలావరకు ఇదే. కైనేజ్ సడలిస్తుంది, కాల్సిన్యూరిన్ బిగిస్తుంది. మన నొప్పి ప్రతి క్షణం ఆ ఇద్దరి మధ్య నలుగుతుంది.

కారంతోనే కారాన్ని మొద్దుబార్చవచ్చని గ్రాహకం పేరు తెలియకముందే ఒకాయన గమనించారు. హంగరీలో టీసా నది ఒడ్డున సెగెడ్ అనే ఊరుంది. మనకు గుంటూరు ఎలాగో, వాళ్లకు మిరప పంట విషయంలో సెగెడ్ ప్రాంతం అలాగ. అక్కడి విశ్వవిద్యాలయంలో మిక్లోష్ యాంచో అనే శాస్త్రవేత్త 1940ల చివరలో ఒక సంగతి చూశారు. జంతువులకు క్యాప్సైసిన్ ఎక్కువగా ఇస్తే, మొదట మండి, తర్వాత చాలాకాలం ఆ మంటే తెలియకుండా పోతోంది. మిరప పండే ఊళ్లోనే మిరప శాస్త్రం మొలవడం నాకు ముచ్చటేసింది. మన లాం ఫారంలో కొత్త వంగడాలు పుట్టాయి, గుంటూరులోనే వైద్యకళాశాల ఉంది. ఆ రెండూ కలిసి కూలీల చేతుల మీద పరిశోధన చేస్తే ఎంత బాగుంటుంది!

యాంచో చూసిన ఆ గుణమే ఇవాళ వైద్యంలో పనికొస్తోంది. కీళ్లనొప్పులకు రాసే కొన్ని ఆయింట్‌మెంట్లలో క్యాప్సైసిన్ ఉంటుంది. అక్కి లేచి తగ్గిన తర్వాత నెలల తరబడి పీడించే నరాల మంటకు, 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని 2009లో అమెరికాలో అనుమతించారు. డాక్టరు దగ్గరుండి అంటిస్తే నరాల కొసలు కొన్నాళ్లు మూగబోతాయి. మూడు నెలలకోసారి వేస్తారు. దయచేసి ఇంట్లో పచ్చిమిరప నూరి నొప్పుల మీద పట్టు వేయకండి. బొబ్బలెక్కుతాయి.

తూమునే పూర్తిగా మూసేసే మందు కనిపెడితే సరిపోదా? మందుల కంపెనీలు అదే అనుకున్నాయి, ఎన్నో ఏళ్లు పనిచేశాయి. మనుషులకు ఇచ్చి చూస్తే, కొందరికి జ్వరం 39, 40 డిగ్రీల దాకా వెళ్లింది. ఒంటి వేడిని సరిచూసే పనిలోనూ ఈ గ్రాహకానికి పాత్ర ఉందని అప్పుడు బాగా తెలిసివచ్చింది. ఇంకొన్ని మందులతో వేడినీళ్లు వేడని తెలియక చెయ్యి కాల్చుకునే ప్రమాదం వచ్చింది. నొప్పి మనకు కాపలా కూడా కదా.

అందుకే ఇప్పుడు చూపు తూము మీది నుంచి లస్కరు మీదికి మళ్లింది. మామూలు నొప్పి అలాగే ఉండాలి, ముదిరిన నొప్పి మాత్రం తగ్గాలి. కానీ కైనేజ్‌లను ఊరికే ఆపేస్తే గుండె, కండరం, మెదడు అన్నీ తడబడతాయి. అయితే లస్కరు నిలబడే గట్టు ఒకటి ఉంది. ఏకేఏపీ 79 అనే ప్రొటీన్ కైనేజ్‌లను తెచ్చి గ్రాహకం పక్కనే నిలబెడుతుంది. మెక్‌నాటన్ బృందం 2008లో దాని పని బయటపెట్టింది. 2013లో, గ్రాహకం నుంచి ఆ గట్టును విడదీసే చిన్న ప్రొటీన్ ముక్కను ఎలుకలకు ఇచ్చి, వాపు వల్ల వచ్చే నొప్పి తగ్గుతుందని చూపించింది. అది మనుషుల మందుగా మారాలంటే ఇంకా చాలా పని ఉంది. దారి మాత్రం సరైన దారి అని నా నమ్మకం.

ఈలోగా మనం వాడే మాత్రల సంగతి. ఆస్పిరిన్, దాని కోవలోని నొప్పి మాత్రలు తూమును ముట్టుకోవు. ప్రొస్టాగ్లాండిన్ తయారీని ఆపుతాయి. లస్కరుకు కబురే అందదు. ఈ సంగతి 1971లో జాన్ వేన్ తేల్చారు, 1982లో నోబెల్ అందుకున్నారు. మంచి మందులే, కానీ కోతల కాలంలో రోజూ పని ముగించుకుని వస్తూ కిళ్లీకొట్లో రెండు మాత్రలు కొని మింగేవాళ్లున్నారు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, నెలల తరబడి అలా మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కడుపులో పుండ్లు పడతాయి. డాక్టరును అడగకుండా రోజూ వాడకండి.

ఇంకొక మాట మేస్త్రీలకు, రైతు సోదరులకు. "వాళ్లకు అలవాటేలే" అన్న మాట చాలాచోట్ల వింటాను. అలవాటు నిజమే, ఫాస్ఫేట్ ఊడితే మంట తగ్గుతుంది. కానీ ఆ అలవాటు బాగున్న చర్మానిది. చీరుకున్న వేలికి, వాచిన వేలికి అలవాటు ఉండదు. అక్కడ కైనేజ్‌దే పైచేయి. పదేళ్లుగా మిరప కోస్తున్న మనిషి ఒకరోజు "ఇవాళ తట్టుకోలేకపోతున్నానయ్యా" అంటే, అది పని ఎగ్గొట్టే మాట అనుకోవద్దు. ఆమె చేతులు ఒకసారి చూడండి. కూలితో పాటు ఒక జత రబ్బరు తొడుగులు ఇవ్వడం, తీతలో వేళ్లు గీరుకున్నవాళ్లకు రెండు మూడు రోజులు కోత కాకుండా వేరే పని చూపించడం, మిరపకు పెట్టే పెట్టుబడిలో లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

చివరిగా, చేతులు మండుతున్నవాళ్లు ఏం చేయాలి? క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు వంటనూనె పట్టించి బాగా రుద్దండి. గుడ్డతో తుడిచేయండి. తర్వాత సబ్బుతో చల్లటి నీళ్లలో కడగండి. మళ్లీ ఇంకోసారి నూనె, ఇంకోసారి సబ్బు. చల్లటి నీళ్లు ఒక్కటే అయితే చెయ్యి ముంచినంతసేపే హాయి, తీయగానే మంట మళ్లీ మొదలు. ఆ రోజుకు వేడినీళ్లు వద్దు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. నోరు మండితే నీళ్లకన్నా మజ్జిగ, పెరుగు మేలు. కంట్లో పడితే నూనె అసలు వద్దు, శుభ్రమైన నీళ్లతో పది పదిహేను నిమిషాలు ఆపకుండా కడగండి. చూపు మసకబారినా, చేతులు బొబ్బలెక్కినా, మర్నాటికీ మంట తగ్గకపోయినా దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి. పసిపిల్లల తల్లులు చేతులు ఇలా కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి. బిడ్డ చర్మం మన చర్మం కన్నా చాలా పల్చన.